సగం జీతం సంగతి తర్వాత, ముందు రాజీనామా మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: 2013 జనవరి నుంచి జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్‌గా చేశాను. మొత్తం అరవై మందిమి. జీతం 18,000; అందులో బేసిక్, డీఏ కలిపి 13,000. లాక్‌డౌన్‌లో ఏప్రిల్, మే నెలలకు సగం జీతమే ఇచ్చారు. జూన్ నుంచి పూర్తిగా ఇచ్చారు గానీ రోజుకు పన్నెండు గంటలు చేయించుకున్నారు. సెప్టెంబరు 10న ‘ఆర్డర్లు లేవు, రేపట్నుంచి రావద్దు’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఇప్పుడేమో రాజీనామా రాసిస్తే 25,000 ఇస్తామంటున్నారు. కొత్త లేబర్ కోడ్ వచ్చింది కాబట్టి ఇంతకన్నా ఏమీ రాదట. ఆ రెండు నెలల సగం జీతం కోసం కేసు వేయొచ్చా సార్?
– ఒక పాఠకుడు, హైదరాబాద్ (నవంబరు, 2020)

జవాబు: కేసు వేయొచ్చు. కానీ మీరు చిన్న బాకీ వెంట పడి పెద్ద బాకీని వదిలేస్తున్నారు.

మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఆర్డర్ ఇచ్చింది. లాక్‌డౌన్‌లో మూతపడినా కోత లేకుండా జీతాలివ్వాలని అందులో ఉంది. మే 18 నుంచి అది రద్దయింది. ఈలోగా కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. జూన్ 12న కోర్టు ఆ యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దంది, ఆ ఆర్డర్ అమల్లో ఉన్న యాభై రోజుల జీతం గురించి ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవాలని, కుదరకపోతే కార్మిక శాఖను ఆశ్రయించాలని చెప్పింది. అంటే ఆ డబ్బు వస్తుందని ఏ లాయరూ మీకు గట్టిగా మాటివ్వలేడు. పైగా ‘మేం లే-ఆఫ్ ఇచ్చాం’ (అంటే పని లేక తాత్కాలికంగా పక్కన పెట్టాం) అని మీ యజమాని వాదించొచ్చు. లే-ఆఫ్‌లో ఇవ్వాల్సింది బేసిక్, డీఏల్లో సగమే. మీ లెక్కన అది నెలకు 6,500 దాటదు. మీకు 9,000 ఇచ్చారు.

ఇక అసలు బాకీకి వద్దాం. ఆర్డర్లు లేవని మనిషిని తీసేయడాన్ని పారిశ్రామిక వివాదాల చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. అలా తీసేసే ముందు నెల రోజుల నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. సర్వీసు చేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ముక్క కూడా ఏడాది కిందే లెక్క కాబట్టి మీ ఏడేళ్ల ఎనిమిది నెలలు ఎనిమిదేళ్లవుతాయి. తొమ్మిది వేలు ఇంటూ ఎనిమిది, 72,000. నోటీసు జీతం 18,000. గ్రాట్యుటీ వేరే: 13,000ను 26తో భాగించి, పదిహేనుతో, ఎనిమిదితో గుణిస్తే 60,000. మొత్తం లక్షా యాభై వేలు.

మరి 25,000 ఎక్కడ? ఐదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ రాజీనామా చేసినా వస్తుంది. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా కట్టాలి. రాజీనామాతో పోయేది పరిహారం, నోటీసు జీతం కలిపిన ఆ 90,000. తనంతట తాను మానేసినవాడిని రిట్రెంచ్ చేశారని అనలేం కదా. ఆ కాగితం కోసం వాళ్లకంత తొందర అందుకే.

‘పరిహారం రావాలంటే ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉండాలి, ఈ ఏడాది నువ్వు చేయలేదు’ అని అడ్డుపడతారు, అది మామూలే. టెన్షన్ పడకండి. మీ తప్పు లేకుండా పని ఆగిపోయిన రోజులు సర్వీసుకు అడ్డం రావు, లే-ఆఫ్ రోజులు లెక్కలోకే వస్తాయి, జీతం ఇచ్చే సెలవులూ అంతే.

కొత్త కోడ్‌ను సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన మాట నిజమే. అయితే 2020 నవంబరు నాటికి అది అమల్లోకి రాలేదు. మీ కేసుకు వర్తించేది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే.

పన్నెండు గంటల సంగతి మీరు మాటవరసకి రాశారు గానీ, అదీ డబ్బే. రోజుకు తొమ్మిది గంటలు లేదా వారానికి 48 దాటిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలని ఫ్యాక్టరీల చట్టం చెబుతుంది. గుజరాత్ ప్రభుత్వం కరోనా పేరు చెప్పి ఆ రెట్టింపును తీసేస్తే, అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. కరోనా వల్ల వచ్చిన ఇబ్బంది ఆ చట్టంలో చెప్పిన అత్యవసర పరిస్థితి కాదంది. హాజరు కార్డులుంటే ఫోటోలు తీసిపెట్టుకోండి.

ఈ వారంలోనే రెండు పనులు చేయండి. ‘నేను మానలేదు, పనికి సిద్ధంగా ఉన్నాను’ అని ఒక ఉత్తరం అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. లేకపోతే రేపు మీరే మానేశారంటారు. ఆ వాట్సాప్ మెసేజ్‌ను ప్రింట్ తీయించి, అసిస్టెంట్ లేబర్ కమిషనర్‌కు దరఖాస్తు ఇవ్వండి. 45 రోజుల్లో అక్కడ తేలకపోతే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు, తీసేసిన రోజు నుంచి మూడేళ్ల గడువుంది. పరిహారం ఇవ్వకుండా తీసేస్తే ఆ తొలగింపే చెల్లదు. అయినా మళ్లీ ఉద్యోగమే ఇప్పిస్తారని ఆశ పెట్టుకోవద్దు, ఈ మధ్య చాలా కేసుల్లో కోర్టులు దానికి బదులు ఏకమొత్తం ఇప్పిస్తున్నాయి.

ఈలోగా ఇల్లు గడవాలంటే ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. 2020 డిసెంబరు 31 వరకు సగటు వేతనంలో సగం, తొంభై రోజుల దాకా ఇస్తున్నారు. రెండేళ్ల నుంచి ఈఎస్ఐ కట్టి ఉండాలి. ఫ్యాక్టరీ వాళ్ల సంతకం కోసం తిరగక్కర్లేదు, దరఖాస్తు నేరుగా ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులోనే ఇవ్వొచ్చు.

ఇంకొకటి కనుక్కోండి. మీ తర్వాత చేరిన ఆపరేటర్లు ఇంకా పనిలో ఉన్నారా? చివర వచ్చినవాడిని ముందు తీయాలన్నది రూల్. ఉంటే, వాళ్లు చేరిన సంవత్సరాలు దరఖాస్తులో రాయండి.