డెస్క్‌టాప్ ర్యామ్ సర్వర్‌లో వేయొచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలులో డయాగ్నస్టిక్ సెంటర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్730 సర్వర్ వాడుతున్నాం. అందులో రెండు ప్రాసెసర్లు, 16 జీబీ ర్యామ్‌లు రెండు ఉన్నాయి. ఇరవై మంది దాకా తమ కంప్యూటర్ల నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఈ సర్వర్‌లోనే పనిచేస్తారు. రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే ఉచిత డేటాబేస్ మీద నడుస్తుంది. పొద్దున పదింటికల్లా మెమరీ 95 శాతం దాటి అన్నీ నత్తనడక. డెస్క్‌టాప్ డీడీఆర్4 ర్యామ్ చవక, స్లాట్ కూడా అదే, వేసేద్దాం అంటున్నాడు షాపతను. వేయొచ్చా?

జవాబు: వేయొద్దండి. స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, పిన్నులు అవే 288, గాటు కూడా అక్కడే ఉంటుంది, అందుకే చాలామంది పొరబడతారు, కానీ ఆ ర్యామ్‌తో ఆర్730 బూట్ కాదు. దానికి సర్వర్ల కోసం చేసే ర్యామ్ రకాలైన ఆర్‌డిమ్ గానీ ఎల్ఆర్‌డిమ్ గానీ కావాలి, అదీ ఈ రెండూ కలపకుండా. ఆర్‌డిమ్ మీద రిజిస్టర్ అనే చిప్ ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ పంపే అడ్రస్, కమాండ్ సిగ్నళ్లు ముందు దానికి చేరి, అక్కడి నుంచి మెమరీ చిప్పులకు వెళ్తాయి, కాబట్టి ఎక్కువ స్టిక్‌లు వేసినా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద లోడు పెరిగిపోదు. పైగా ఇందులో ఈసీసీ ఉంటుంది: ప్రతి 64 బిట్లకు 8 బిట్లు అదనంగా దాచుకుని, ఒక బిట్ తప్పితే అప్పటికప్పుడు సరిచేస్తుంది. రోగుల రిపోర్టులు ఉండే మెషీన్‌కి ఇది లేకపోతే ఎలా?

కొనే ముందు ఒక పని చేయండి. రద్దీ టైములో టాస్క్ మేనేజర్ తెరిచి యూజర్స్ ట్యాబ్‌లో ఎవరు ఎంత మెమరీ తింటున్నారో చూడండి. నా అంచనా, సగం బ్రౌజర్లే ఉంటాయి. కొందరు లాగాఫ్ చేయకుండా విండో మూసేసి వెళ్లిపోతారు, వాళ్ల సెషన్ లోపల అలాగే బతికి ఉంటుంది, నిన్నటి బ్రౌజర్‌తో సహా. డిస్‌కనెక్ట్ అయిన సెషన్ కొన్ని గంటల తర్వాత తనంతట తానే ముగిసేలా విండోస్ సెట్టింగులైన గ్రూప్ పాలసీలో పెట్టించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకో సంగతి, ఇది షాపులో ఎవరూ చెప్పరు. ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ డేటాను దాచుకోవడానికి వాడే మెమరీకి 1,410 ఎంబీ దగ్గర గీత ఉంది. మీరు 256 జీబీ వేసినా ఆ గీత దాటదు. అంటే ర్యామ్ పెంచితే సిబ్బంది స్క్రీన్లు తేలికపడతాయి గానీ, పెద్ద రిపోర్ట్ తీయడానికి పట్టే టైము దానివల్ల పెద్దగా మారకపోవచ్చు. డేటాబేస్ ఇంకా మామూలు హార్డ్ డిస్క్ మీదే ఉంటే, ముందు దాన్ని ఎస్ఎస్‌డీకి మార్చడం మేలు.

ఇవన్నీ చూశాక కూడా కావాలంటే, ఇప్పుడున్న స్టిక్ మీది లేబుల్ చదవండి. 2ఆర్ఎక్స్4 పీసీ4-2400టీ-ఆర్ లాంటిది ఉంటుంది. చివర్లో 2400టీ తర్వాతి ఆర్ అంటే ఆర్‌డిమ్. అలాంటివే 16 జీబీవి ఆరు కొంటే మొత్తం 128 జీబీ అవుతుంది. ఒక్కో ప్రాసెసర్‌కి నాలుగు మెమరీ చానెళ్లు, అంటే మెమరీకి వెళ్లే దారులు, ఉంటాయి; మీకు ఇప్పుడు ఒక్కో ప్రాసెసర్‌కి ఒక చానెలే పనిచేస్తోంది. ఎనిమిది స్టిక్‌లను ఏ1 నుంచి ఏ4 (మొదటి ప్రాసెసర్‌వి), బీ1 నుంచి బీ4 (రెండో ప్రాసెసర్‌వి) స్లాట్లలో, అంటే తెల్ల క్లిప్పులు ఉన్నవాటిలో వేస్తే అన్ని చానెళ్లూ నిండుతాయి. బడ్జెట్ లేదంటే రెండే కొని ఏ2, బీ2లో వేయండి, రెండు ప్రాసెసర్లకూ సమానంగా ఉండాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల సర్వర్ల నుంచి తీసిన పాత స్టిక్‌లు దొరుకుతాయి, తీసుకోవచ్చు, కానీ మార్పిడి గ్యారంటీ రాయించుకోండి, రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాకే వాడకంలో పెట్టండి. బిగించేటప్పుడు పవర్ కేబుళ్లు రెండూ పీకాలి. గాలి మళ్లించే ప్లాస్టిక్ తొడుగు తిరిగి పెట్టడం మరవొద్దు. మొదటిసారి ఆన్ చేస్తే మెమరీ మారిందని మెసేజ్ వస్తుంది, అది మామూలే.

ప్రశ్న: మా సర్వర్ లాగ్‌లో బీ3 స్లాట్‌లో సరిచేయగల మెమరీ లోపం అని వస్తోంది. ర్యామ్ మొత్తం మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. సర్వర్ ఆపి బీ3, బీ4 స్టిక్‌లను అటూ ఇటూ మార్చి, లాగ్ క్లియర్ చేసి కొన్నాళ్లు చూడండి. లోపం ఈసారి బీ4లో కనిపిస్తే ఆ స్టిక్ ఒక్కటి మార్చండి. మళ్లీ బీ3లోనే వస్తే స్లాట్‌నో, ప్రాసెసర్ సాకెట్ పిన్నులనో టెక్నీషియన్‌తో చూపించాలి.