సొరంగం యంత్రాల ఎలక్ట్రానిక్స్‌లో ఉద్యోగం... అమ్మాయిని చేరమనొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. సొరంగాలు తవ్వే యంత్రాలకు కంట్రోలర్లు (యంత్రాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు) తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తుంటే తను మాత్రం ఇదే చేస్తానంటోంది. దుమ్ములో, బురదలో పని కదా అని నా భయం. దీనికి భవిష్యత్తు ఉందంటారా?
– ఒక తండ్రి

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. డిజైన్‌లో చేరేవాళ్లకు ఎక్కువ కాలం ల్యాబ్‌లోనే గడుస్తుంది. కొత్త యంత్రాన్ని నడిపించి చూసేటప్పుడో, ఏదైనా మొండికేసినప్పుడో కొన్నాళ్లు సొరంగంలోకి వెళ్లాల్సి వస్తుంది. ఆ అవకాశం వస్తే వద్దనకండి. ఈ పనిలో అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

ఎందుకో చెప్తాను. స్విట్జర్లాండ్‌లో 2016లో ప్రారంభమైన గోథార్డ్ సొరంగం పొడవు 57 కిలోమీటర్లు. అది తవ్వేటప్పుడు లోపల కొన్నిచోట్ల రాయి వేడే సుమారు 45 డిగ్రీల దాకా ఉంది. దానికి యంత్రం వేడి తోడు. పైనుంచి నీళ్లు కారుతుంటాయి, సిమెంటు దుమ్ము ఎగురుతుంటుంది, యంత్రం రాయిని కొరుకుతున్నంత సేపూ అదురుతూనే ఉంటుంది. కాలేజీ ల్యాబ్‌లో చక్కగా పనిచేసిన సర్క్యూట్ బోర్డును తీసుకెళ్లి అక్కడ పెడితే ఎన్నాళ్లు బతుకుతుంది?

నీళ్ల సంగతే తీసుకోండి. కంట్రోలర్ పెట్టె మీద ఐపీ67 అని రాసి ఉంటుంది. 6 అంటే దుమ్ము అస్సలు చొరబడదని, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష నెగ్గిన పెట్టెను కూడా కొన్ని నెలల తర్వాత విప్పితే లోపల నీళ్లు కనిపించిన సందర్భాలున్నాయి. పనిచేస్తున్నంత సేపూ లోపలి గాలి వేడెక్కి ఉంటుంది. షిఫ్టు చివర ఎవరో చల్లటి నీళ్లతో యంత్రాన్ని కడుగుతారు. గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, సీలు సందుల్లోంచి తడిని లోపలికి లాగేస్తుంది. అందుకే గాలిని వదిలి నీటిని ఆపే చిన్న పొరను పెట్టెకు అమరుస్తారు. ఇంకో దొంగదారి కేబుల్. లోపలి సన్నటి రాగి పోగుల మధ్యనుంచి, దీపం వత్తి నూనెను పీల్చినట్టు, నీరు పాకుతూ వచ్చేస్తుంది. బోర్డు గీసేటప్పుడు ఇవేవీ ఎవరికీ తట్టవు.

అదురు చేసే పని మరీ మోసం. బోర్డు మీద పొడుగ్గా నిలబడే కెపాసిటర్ల కాళ్లు మెల్లగా విరుగుతాయి. కనెక్టర్ పిన్నులు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. యంత్రం నడిచేటప్పుడు లోపం వస్తుంది, ఆపి చూస్తే అంతా బాగానే ఉంటుంది!

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నాళ్లు ఇలాంటి యంత్రాల దగ్గర పనిచేశాను. ఒకసారి సెన్సార్ల సమాచారం ఉండుండి తెగిపోతుంటే, తప్పు ప్రోగ్రాంలోనే ఉందనుకుని మూడు రోజులు వెతికాం. ఆ యంత్రంలో కంట్రోలర్లు, సెన్సార్లు మాట్లాడుకునేది క్యాన్ బస్ మీద. 1986లో బాష్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన పద్ధతి అది. రెండు వైర్లు, రెండు చివర్లా చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్. పవర్ ఆపి ఆ రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు చూపాలి. మాకు 120 చూపింది, అంటే ఒక రెసిస్టర్ లేదు. చివరి సెన్సార్ పెట్టెను అంతకు ముందువారమే మార్చారు, రెసిస్టర్ ఆ పాత పెట్టెలో ఉండిపోయింది. మీటరు పెట్టడానికి నిమిషం కూడా పట్టదు, మూడు రోజులు మాకది తోచలేదు.

కాబట్టి భవిష్యత్తు ఉందా అన్న దానికంటే, మీ అమ్మాయికి ఇలాంటి వేట ఇష్టమా అన్నది ముందు చూడండి. ఒక వస్తువు ఎందుకు పాడైందో తెలిసేదాకా నిద్రపట్టని మనిషైతే ఈ రంగంలో బాగా రాణిస్తుంది. కొత్త కొత్త ఫీచర్లు రాస్తూ వారం వారం ఫలితం చూడాలనుకుంటే విసుగొస్తుంది. ఒక కంట్రోలర్‌ను ఏళ్ల తరబడి మోయాలిక్కడ. మధ్యలో చిప్పు తయారీ ఆగిపోతే దానికి బదులు వెతికి, పరీక్షలన్నీ మళ్లీ చేయాలి.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితులకంటే తక్కువగా ఉండొచ్చు, ఆ మాట దాచను. సొరంగాల యంత్రాలు చేసే కంపెనీలూ తక్కువే. అయితే నేర్చిన విద్య అక్కడే ఆగిపోదు. గని యంత్రాలకు, క్రేన్లకు, ట్రాక్టర్లకు, రైళ్లకు కావలసింది కూడా ఇదే.

చేరేలోపు సీ భాష మీద, మైక్రోకంట్రోలర్ల మీద గట్టి పట్టు తెచ్చుకోమనండి. కొలతను 4 నుంచి 20 మిల్లీ ఆంప్‌ల కరెంటుగా పంపే సెన్సార్లలో సున్నా కొలతకు 4 మిల్లీ ఆంప్‌లు ఎందుకు పెట్టారో తనని అడగండి. కరెంటు పూర్తిగా సున్నా అయితే వైరు తెగిందని తెలియడానికి! ఆ ఆలోచన ఒంటబడితే, ఎమర్జెన్సీ స్టాప్‌కు రెండు దారులు ఎందుకుంటాయో, ఐఎస్ఓ 13849 లాంటి భద్రతా ప్రమాణం ఏం అడుగుతుందో తేలిగ్గానే తలకెక్కుతాయి. మీథేన్ అనే మండే వాయువు వచ్చే సొరంగాల నిబంధనలు వేరే, అవి ఉద్యోగంలో నేర్చుకోవచ్చు.

చేరేముందు కంపెనీని ఒక్కమాట అడగమనండి: సైటునుంచి పాడై తిరిగొచ్చిన పెట్టెల్ని ఎవరు విప్పి చూస్తారు? "మా డిజైన్ వాళ్లే" అంటే నిశ్చింతగా పంపండి. "పారేసి కొత్తది పంపుతాం" అంటే ఇంకో ఆఫర్ వచ్చేదాకా ఆగమనండి.