క్యాన్సర్ ట్రీట్‌మెంట్ టైమ్‌లో డియో, రోల్ ఆన్ వాడొచ్చా? మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చంక చెమట గురించే ఉన్నాయి, దాదాపు అందరూ "ఇంత చిన్న విషయం అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి" అనే మొదలుపెట్టారు. ఇది చిన్న విషయం కాదమ్మా. ఆపరేషన్, కీమో, కరెంట్ (రేడియేషన్) అన్నీ తట్టుకుంటున్న మనిషి నలుగురిలో కూర్చోడానికి వాసన వస్తుందేమో అని భయపడి ఇంట్లోనే ఉండిపోతుంటే అది కూడా ట్రీట్‌మెంట్‌లో పట్టించుకోవాల్సిన బాధే.

*ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 46 ఏళ్లు, టీచర్‌ని. ఎడమ రొమ్ములో గడ్డ వరకే తీశారు, చంకలో కొన్ని లింఫ్ గ్రంథులు తీసి టెస్ట్ చేస్తే వాటిల్లో ఏమీ లేదన్నారు. వచ్చే వారం నుంచి రేడియేషన్, 15 సిట్టింగులు. ప్లానింగ్ రోజు సిస్టర్ గారు చంకలో సబ్బు, పౌడర్, సెంటు, డియో ఏదీ ముట్టుకోవద్దు అన్నారు. అసలే ఎండాకాలం, మా ఊరి నుంచి హాస్పిటల్‌కి బస్సులో గంటన్నర పడుతుంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూతురు మాత్రం ఇక్కడ వాడనిస్తున్నారు అత్తయ్యా అంటోంది. ఎవరి మాట వినాలి? – పేరు వద్దన్నారు, ఖమ్మం జిల్లా*

జవాబు: ఇద్దరూ అబద్ధం చెప్పలేదమ్మా, సిస్టర్ గారు చెప్పింది చాలా ఏళ్లుగా అన్ని చోట్లా చెప్తూ వస్తున్న మాట, మీ మేనకోడలు చెప్పింది ఈమధ్య పరిశోధనలు అయ్యాక మారిన మాట. పాత భయం ఏంటంటే, రోల్ ఆన్‌లలో అల్యూమినియం ఉంటుంది, అది లోహం కాబట్టి చర్మం మీద ఉంటే రేడియేషన్ అక్కడ ఎక్కువ పడి చర్మం ఎక్కువ మాడుతుందేమో అని. వినడానికి న్యాయంగానే ఉంది, అందుకే అంతకాలం నిలబడింది. తర్వాత మనుషుల మీద చూశారు. కెనడాలో 198 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లని రెండు గుంపులు చేసి ఒక గుంపుని అల్యూమినియం ఉన్న రోల్ ఆన్ వాడమన్నారు, రెండో గుంపుని వాడొద్దన్నారు, 2012లో రిజల్ట్ వచ్చింది, చంక చర్మం దెబ్బతినడంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందే 2009లో కెనడాలోనే క్యూబెక్‌లో 84 మందితో అల్యూమినియం లేని డియో మీద చేసిన దాంట్లో కూడా డియో వాడినందువల్ల చర్మం ఎక్కువ పాడవలేదని తేలింది. 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు క్రీములు రాసినప్పుడు చర్మం మీద పడే రేడియేషన్ డోస్ కొలిచి చూస్తే, పల్చగా రాస్తే డోస్ మారలేదు, 3 మిల్లీమీటర్లు, అంతకంటే మందంగా పట్టిస్తేనే పెరిగింది. రోల్ ఆన్ ఒకసారి రాస్తే పడే పొర దాని దరిదాపుల్లో కూడా ఉండదు.

అయినా మీ డాక్టర్ గారికి చెప్పకుండా వాడమని నేను అనను, ఎందుకంటే మీ చంక ఎంతవరకు రేడియేషన్ కిందకి వస్తుందో వాళ్లకే తెలుసు. రొమ్ముకి ఇచ్చినా చంక కింది భాగం ఎంతోకొంత దాంట్లోకి వస్తుంది, కొంతమందికి కాలర్ ఎముక పైన కూడా ఇస్తారు, అప్పుడు ఎక్కువ తగులుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "డియో వాడొచ్చా" అని కాదు, "నా చంక ఎంతవరకు ఫీల్డ్‌లో (రేడియేషన్ పడే చోట) ఉంది, చర్మం బాగున్నన్నాళ్లు వాసన లేని రోల్ ఆన్ పల్చగా రాసుకోవచ్చా" అని సూటిగా అడగండి, సూటిగా అడిగితే చాలామంది డాక్టర్లు ఆలోచించి చెప్తారు. అప్పటికీ వద్దంటే ఆ కొన్ని వారాలు మానేయండి, దాని కోసం టీమ్‌తో గొడవ పడక్కర్లేదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, మీ కుడి చంకకి ఈ రూల్ వర్తించదు, అక్కడ రేడియేషన్ పడట్లేదు కదా, మీరు ఎప్పుడూ వాడేదే నిశ్చింతగా వాడుకోండి.

ఇక సబ్బు విషయం. మామూలు సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడుక్కోవడం వల్ల రేడియేషన్ చర్మానికి హాని లేదని కూడా పరిశోధనల్లో తేలింది, ఎర్రగా ఉన్నా కడగొచ్చు, రుద్దకూడదు అంతే. మీకు ఒంటి మీద ఇంకుతో గీతలు గీసి ఉంటే మాత్రం అవి చెరిగిపోకుండా చూసుకోవాలి, సబ్బు వద్దనడానికి ఒక కారణం అదే, స్ప్రేలో ఉండే ఆల్కహాల్‌కైతే ఆ ఇంకు ఇంకా తొందరగా పోతుంది. చెమటకి దానంతటదే వాసన ఉండదు, చర్మం మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు వాసన వస్తుంది, అందుకని రోజుకి రెండుసార్లు కడిగి, మెత్తటి కాటన్ బట్టతో అద్ది, చెయ్యి కాసేపు పైకెత్తి ఫ్యాన్ కింద ఆరనిస్తేనే సగం సమస్య తీరిపోతుంది. బస్సు ప్రయాణానికి బిగుతు చేతుల జాకెట్టు, పాలిస్టర్ వద్దు, వదులు కాటన్ వేసుకోండి, ఇంకో జాకెట్టు సంచిలో పెట్టుకుని హాస్పిటల్‌కి వెళ్లాక మార్చుకోండి.

ఏది కొనాలంటారా, మన షాపుల్లో డియో అని అమ్మే స్ప్రేలు ఎక్కువగా ఆల్కహాల్, సెంటు కలిపినవే, చెమటని ఆపవు, వాసనని కప్పుతాయి, రేడియేషన్ చర్మానికి ఆ రెండూ మంటే. యాంటీ పర్స్పిరెంట్ అని రాసి ఉన్న రోల్ ఆన్‌లలో అల్యూమినియం లవణాలు ఉంటాయి, అవి చెమట గొట్టాల మూతి తాత్కాలికంగా మూసి చెమట తగ్గిస్తాయి. పర్మిషన్ దొరికితే ఆల్కహాల్ లేనిది, సువాసన అసలు కలపనిది తీసుకోండి, "అన్‌సెంటెడ్" అన్నవాటిల్లో వాసన తెలియకుండా చెయ్యడానికి వేరే సువాసన కలిపి ఉండొచ్చు కాబట్టి వెనకాల పదార్థాల పట్టీ చదవాలి. చంక ఎర్రబడి మంట పుడితే కొన్నాళ్లు ఆపండి. చర్మం ఊడి తడిగా అయిందంటే ఏదీ రాయొద్దు, అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి, చివరి సిట్టింగ్ అయిపోయిన ఒకటి రెండు వారాలకి చర్మం ఇంకా ఎక్కువ మండుతుంది, అయిపోయింది కదా అని ఆ రోజే స్ప్రే కొట్టేసుకోకండి, పూర్తిగా మానేదాకా ఆగండి.

*ప్రశ్న: నా భార్యకి 39 ఏళ్లు, కీమో నడుస్తోంది. కాలేజీ రోజుల నుంచి రోజూ రోల్ ఆన్ వాడేది. చెమట ఆగిపోతే విషం లోపలే ఉండిపోయి రొమ్ము క్యాన్సర్ వస్తుందని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, అది చదివినప్పటి నుంచి నా చేతులారా తెచ్చుకున్నాను అని ఏడుస్తోంది. నేను చెప్తే నమ్మట్లేదు, మీరు చెప్పండి. – విజయవాడ*

జవాబు: ఈ పేజీ ఆవిడ చేతికి ఇవ్వండి. అమ్మా, మీరు తెచ్చుకున్నది కాదు ఇది. ఆ మెసేజ్ ఇంటర్నెట్ కొత్తలో ఇంగ్లీషు ఈమెయిల్స్‌లో తిరిగిందే, ఇప్పుడు తెలుగులోకి వచ్చింది. చెమట ద్వారా విషాలు బయటికి పోవడం అనేదే తప్పు, మన ఒంట్లో ఆ పని కాలేయం, కిడ్నీలు చేస్తాయి, చంకలో ఉండే లింఫ్ గ్రంథులకీ చెమట గ్రంథులకీ సంబంధమే లేదు. రొమ్ములో చంక వైపు పైభాగంలో గడ్డలు ఎక్కువ వస్తాయి కదా అంటారు, నిజమే, ఎందుకంటే రొమ్ము కణజాలం ఆ భాగంలోనే ఎక్కువ ఉంటుంది.

అమెరికాలో సియాటెల్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 813 మందినీ రాని 793 మందినీ పోల్చి 2002లో రిజల్ట్ ఇచ్చారు, డియో, యాంటీ పర్స్పిరెంట్ వాడకానికీ క్యాన్సర్‌కీ సంబంధం కనపడలేదు, షేవ్ చేసుకున్న గంటలోపు రాసుకున్నవాళ్లలో కూడా కనపడలేదు. భయం మళ్లీ ఎక్కడ మొదలైందంటే 2004లో ఇంగ్లండ్‌లో 20 కణితుల్ని పరీక్షిస్తే పారాబెన్లు కనపడ్డాయి, క్రీములు, కొన్ని తిండి పదార్థాలు చెడిపోకుండా వాటిల్లో కలిపే రసాయనాలు అవి. కానీ ఆ పరిశోధనలో మామూలు రొమ్ము కణజాలంతో పోల్చలేదు, అవి డియో నుంచే వచ్చాయని కూడా చూపించలేదు. అదే టీమ్ 2012లో 40 మందిని చూస్తే వాళ్లలో ఏడుగురు జీవితంలో ఎప్పుడూ చంకలో ఏమీ రాసుకోనివాళ్లు, వాళ్ల కణజాలంలోనూ పారాబెన్లు ఉన్నాయి. చర్మం గుండా అల్యూమినియం లోపలికి వెళ్లేది కూడా బహు తక్కువ, ఒక చిన్న పరిశోధనలో రాసిన దాంట్లో 0.012 శాతం అని కొలిచారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం అల్యూమినియం ఉన్నది వాడేముందు డాక్టర్‌ని అడగాలి.

చిన్న వయసు నుంచే విపరీతంగా వాడినవాళ్లలో తేడా కనిపించింది అన్న పరిశోధన కూడా ఒకటి ఉంది, ఆస్ట్రియాలో చేశారు, దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే అది క్యాన్సర్ వచ్చాక మీరు అప్పట్లో ఎంత వాడారు అని అడిగి చేసింది, జబ్బు వచ్చిన మనిషి కారణం కోసం పాత రోజులన్నీ తవ్వుకుంటుంది, అందుకే ఆ లెక్క మీద గట్టి మాట చెప్పలేం. ఇకపై అల్యూమినియం ఉన్నది వాడాలని లేకపోతే అది లేనిది వాడుకోండి, అది మీ ఇష్టం, కానీ వాడినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ మెసేజ్ పెట్టినవాళ్లతో దాన్ని తీసెయ్యమని మీ ఆయన చెప్తే బాగుంటుంది, ఆ గ్రూపులో ఇంకెవరు చదివి కుమిలిపోతున్నారో తెలియదు.

*ప్రశ్న: మా అమ్మకి 58, చంకలో లింఫ్ గ్రంథులన్నీ తీసేశారు, రేడియేషన్ కూడా అయ్యి నాలుగు నెలలైంది. ఆ వైపు చంక మొద్దుబారినట్టు ఉంటుంది, చెమట కూడా తక్కువ. కెమికల్స్ వద్దని అమ్మ పటిక రుద్దుకుంటోంది, ఒక్కోసారి నిమ్మచెక్క కూడా. వెంట్రుకలకి బ్లేడ్ వాడుతుంది. పరవాలేదా? – కూతురు, హైదరాబాద్*

జవాబు: ముందు బ్లేడ్ ఆపించండి, మిగతావన్నీ దాని తర్వాతే. గ్రంథులు తీసేటప్పుడు చంకలో స్పర్శ తెలిపే నరం దెబ్బతింటుంది, అందుకే మొద్దుబారింది, గాటు పడినా ఆవిడకి తెలియదు. గ్రంథులు లేని చేతికి చిన్న గాయం నుంచి ఇన్ఫెక్షన్ వస్తే తొందరగా పాకుతుంది, దాంతో చెయ్యి వాపు మొదలవ్వచ్చు. ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ కొనివ్వండి, అది కూడా అద్దం ముందు చూసుకుంటూ చెయ్యాలి. వ్యాక్సింగ్, హెయిర్ రిమూవర్ క్రీములు ఆ వైపు వద్దు. రేడియేషన్ తగిలిన చోట వెంట్రుకలు, చెమట రెండూ తగ్గుతాయి కాబట్టి అసలు అంత అవసరం కూడా ఉండకపోవచ్చు.

పటిక గురించి, అది కూడా అల్యూమినియమేనమ్మా, పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. నాచురల్ క్రిస్టల్ అని ఆన్‌లైన్‌లో ఖరీదుకి అమ్మే డియోల్లో కూడా ఎక్కువగా ఉండేది ఇదే. అల్యూమినియం వద్దనుకుని పటిక వాడటంలో అర్థం లేదు, అయితే చర్మం పూర్తిగా మానితే, అంచులు గరుకుగా లేని ముక్కని తడిపి మెల్లగా రాసుకుంటే హాని కూడా లేదు, గట్టిగా రుద్దకూడదు. నిమ్మచెక్క మాత్రం మాన్పించండి, ఆ పులుపు రేడియేషన్ చర్మాన్ని కాలుస్తుంది. ఇంట్లో తయారు చేసుకునే వంటసోడా డియోలు కూడా అంతే, మన చర్మం కొంచెం ఆమ్లంగా ఉంటుంది, సోడా దానికి పూర్తిగా వ్యతిరేకం, బాగున్న చర్మానికే దద్దుర్లు వస్తాయి. టీ ట్రీ, లావెండర్ లాంటి ఘాటు నూనెలు కూడా ఆ లెక్కలోవే. ఎప్పుడైనా చంకలో ఎరుపు, వేడి, జ్వరం, చెయ్యి బరువెక్కినట్టు ఉండటం కనపడితే అది డియో సమస్య అనుకుని ఇంట్లో కూర్చోకండి, వెంటనే చూపించండి.

*ప్రశ్న: మమోగ్రామ్‌కి వెళ్లేటప్పుడు పౌడర్ రాసుకుని వెళ్లానని వెనక్కి పంపి కడుక్కుని రమ్మన్నారు, నిజంగా అంత అవసరమా? – రాజమండ్రి*

జవాబు: అవసరమే. డియో, పౌడర్లలో ఉండే అల్యూమినియం, జింక్ లాంటివి ఫిల్ముల్లో తెల్ల చుక్కల్లా కనపడతాయి, క్యాన్సర్ మొదట్లో కనిపించే కాల్షియం చుక్కలు కూడా అలాగే ఉంటాయి. ట్రీట్‌మెంట్ అయినవాళ్లకి ఏటా మమోగ్రామ్ తీస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున స్నానం చేసి ఏమీ రాసుకోకుండా వెళ్లండి, తీసుకెళ్లాలనిపిస్తే సంచిలో పెట్టుకుని అయిపోయాక రాసుకోండి. పొరపాటున రాసుకుంటే వాళ్లకి ముందే చెప్పండి, అక్కడే తుడిపిస్తారు.

*ప్రశ్న: నేను టామాక్సిఫెన్ వేసుకుంటున్నాను, రాత్రి నిద్రలో తడిసిపోతున్నాను, దిండు కవర్ పిండొచ్చు. ఎంత మంచి రోల్ ఆన్ కొన్నా పనిచేయట్లేదు. మాత్ర ఆపెయ్యాలనిపిస్తోంది. – అనంతపురం*

జవాబు: మాత్ర ఆపకండమ్మా, జబ్బు తిరిగి రాకుండా కాపాడేది అదే. ఈ చెమట చంకలోది కాదు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ప్రభావం తగ్గడం వల్ల ఒళ్లంతా వేడెక్కి పట్టేది, రొమ్ము క్యాన్సర్‌కే ఇచ్చే లెట్రోజోల్ మాత్ర వేసుకునేవాళ్లకి కూడా ఇలా అవుతుంది. రోల్ ఆన్ చంకకే కదా పనిచేసేది, మెడకీ వీపుకీ ఏం చెయ్యగలదు. మీ ఆంకాలజిస్ట్‌కి నిద్ర పట్టట్లేదు అని గట్టిగా చెప్పండి, ఈ వేడి ఆవిర్లు తగ్గించడానికి హార్మోన్ లేని మందులు ఉన్నాయి, వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్, ఆక్సీబ్యూటినిన్ లాంటివి, మీకు ఏది సరిపోతుందో ఆయన చూసి రాస్తారు. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు వేసుకోకండి, ఎందుకంటే డిప్రెషన్‌కి వాడే పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటి కొన్ని మందులు టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుకుంటాయి, వేరే డాక్టర్ ఏ మందు రాసినా టామాక్సిఫెన్ వాడుతున్నానని ముందు చెప్పాలి.

ఇక చంక వరకు అయితే, మీకు రేడియేషన్ అయ్యి చర్మం మానిపోయి ఉంటే రోల్ ఆన్‌ని పొద్దున కాదు, రాత్రి పడుకునేముందు పూర్తిగా ఆరిన చర్మం మీద రాయండి, మామూలుగా రాత్రి పూట చెమట తక్కువ కాబట్టి అది గొట్టాల్లో బాగా నిలుస్తుంది, మీకు చెమట పట్టే వేళ ఏదో మీకే తెలుసు, దాని ముందు ఓ గంట ఆరేలా చూసుకోండి. తెల్లారి స్నానం చేసినా ఆ పని పోదు. సాయంత్రం కాఫీ, కారం తగ్గించి చూడండి, చాలామందికి ఆవిర్లు వాటితోనే ఎగదోస్తాయి. పక్కన ఇంకో నైటీ, ఇంకో దిండు కవర్ పెట్టుకుని పడుకోండి, అర్ధరాత్రి లేచి బీరువా వెతుక్కుంటే వచ్చే నిద్ర కూడా పోతుంది.