చిన్న ఉపగ్రహాల టీమ్‌లో చేరితే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉంది. కాలేజీలో క్యూబ్‌శాట్ అనే ఘనాకారపు చిన్న ఉపగ్రహాన్ని తయారుచేసే టీమ్‌లో చేరతానంటోంది. ఇలాంటి చిన్న ఉపగ్రహాలు చాలావరకు పనిచేయవని విన్నాను. దానిమీద రెండేళ్ళు పెట్టడం మంచిదేనా? రేపు ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: మీరు విన్నదాంట్లో నిజముంది. 2000 నుంచి 2016 దాకా ప్రయోగించిన చిన్న ఉపగ్రహాల మీద నాసా చేసిన పరిశీలనలో 41.3 శాతం పూర్తిగానో, కొంతమేరకో విఫలమయ్యాయని తేలింది. ప్రయోగించిన మొత్తంలో రాకెట్ తప్పిదం వల్ల పోయినవి 6.1 శాతమే. ఉపగ్రహమే పూర్తిగా విఫలమైనవి 24.2 శాతం, పాక్షికంగా పనిచేసినవి 11 శాతం. కాలేజీల్లో చేసినవాటి పరిస్థితి ఇంకా కష్టం. కక్ష్యలోకి వెళ్ళాక ఒక్క సిగ్నల్ కూడా పంపనివి వాటిలో చాలానే ఉన్నాయి.

అయినా చేరనివ్వండి. ఈ వైఫల్యాల్లో చాలా వరకు ల్యాబ్‌లో బల్ల మీదే పట్టుకోగలిగేవి ఉంటాయి. వాటిని పట్టుకోవడం వచ్చిన ఇంజనీర్ల కోసమే కంపెనీలు వెతుకుతున్నాయి.

ఒక ఉదాహరణ చూడండి. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి ఒక చుట్టుకు 95 నిమిషాలు పడుతుంది. అందులో దాదాపు 60 నిమిషాలు ఎండ, 35 నిమిషాలు చీకటి అనుకుందాం. పది సెంటీమీటర్ల ఘనాకారపు ఉపగ్రహం ఒంటికి అంటించిన సోలార్ ప్యానెళ్ళ నుంచి ఎండలో సగటున 2 వాట్లు వస్తే, చుట్టుకు 2 వాట్-అవర్ల ఆదాయం (ఒక వాట్ చొప్పున గంటసేపు వస్తే ఒక వాట్-అవర్). లోపలి బోర్డులు ఎండలోనూ చీకట్లోనూ 1.5 వాట్లు లాగుతుంటే ఖర్చు 2.4. చుట్టుకు 0.4 లోటు, రోజుకు 15 చుట్లు. 18650 అనే రకం లిథియం అయాన్ బ్యాటరీ సెల్స్ రెండింటిలో ఉండే 19 వాట్-అవర్లు మూడు రోజుల్లో ఊడ్చుకుపోతాయి. ల్యాబ్‌లో ఈ సంగతి బయటపడదు, ఎందుకంటే అక్కడ ఛార్జింగ్ కేబుల్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. కేబుల్ తీసేసి, ఎండకు బదులు ల్యాంపు పెట్టి, 60 నిమిషాలు వెలిగించి 35 నిమిషాలు ఆర్పుతూ వారం పాటు నడిపితే ఈ లోటు కళ్ళకు కడుతుంది. ఆ వారం పరీక్ష పెట్టకుండానే ప్రయోగానికి పంపేసే టీమ్‌లు ఎన్నో. చలి సంగతి వేరే ఉంది. లిథియం అయాన్ సెల్‌ను సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఛార్జ్ చేస్తే లోపల లోహపు పూత కట్టి సెల్ పాడవుతుంది. అందుకే బ్యాటరీకి హీటర్ పెడతారు, ఆ హీటర్ వాడకం కూడా లెక్కలోకి రావాలి.

సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. లైట్‌సెయిల్ అనే చిన్న ఉపగ్రహాన్ని 2015 మే 20న ప్రయోగిస్తే రెండు రోజులకే మూగబోయింది. కొన్ని సెకన్లకొకసారి సమాచారాన్ని ఒకే ఫైల్‌లోకి రాసుకుంటూ పోవడంతో ఆ ఫైల్ 32 మెగాబైట్లు దాటింది, కంప్యూటర్ స్తంభించిపోయింది. ఆ లోపాన్ని సరిచేసిన కొత్త వెర్షన్ అప్పటికే ఉంది, ఉపగ్రహంలో మాత్రం పాతదే ఉండిపోయింది. దానంతట అది రీబూట్ అయి, మే నెలాఖరుకు మళ్ళీ పలికింది. నిజమైన హార్డ్‌వేర్ మీద ఆపకుండా నాలుగు రోజులు నడిపి ఉంటే ఈ తప్పు నేల మీదే దొరికేది.

ఇక ఈ రంగం ఎటు పోతోందంటారా, 2003లో మొదటి క్యూబ్‌శాట్లు వెళ్ళినప్పుడు అవి ప్రధానంగా విద్యార్థుల ప్రయోగాలు. ఇప్పుడు భూమిని ఫొటోలు తీయడానికి, ఓడల జాడ తెలుసుకోవడానికి, వాతావరణ కొలతలకు కంపెనీలే గుంపులు గుంపులుగా పంపుతున్నాయి. 2018 నవంబర్ 26న నాసా వారి ఇన్‌సైట్ ల్యాండర్ అంగారకుడి మీద దిగుతున్నప్పుడు దాని సమాచారాన్ని అప్పటికప్పుడు భూమికి అందించినవి మార్కో అనే రెండు క్యూబ్‌శాట్లే. గుంపులో ఒకటి పోయినా మిగతావి పని కొనసాగిస్తాయి కాబట్టి కంపెనీలు కొంత నష్టానికి సిద్ధపడతాయి. కానీ ఒకే తప్పు వంద ఉపగ్రహాల్లోకి పాకితే తట్టుకోలేవు. అందుకని పరీక్షలు చేసేవాళ్ళకు, పవర్ సిస్టమ్ చూసేవాళ్ళకు, ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు, కక్ష్యలో ఉన్నదాన్ని కింద నుంచి నడిపే ఆపరేషన్స్ వాళ్ళకు పని ఉంటుంది.

కాబట్టి టీమ్‌లో చేరాక ఏ పని తీసుకుంటుందన్నది ముఖ్యం. పోస్టర్లు, త్రీడీ మోడల్ బొమ్మలు కాకుండా పవర్ బోర్డు గానీ, ఆన్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ గానీ అడగమనండి. సీ భాష, రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్, ఆసిలోస్కోప్ వాడకం, డేటాషీట్ చదవడం బాగా రావాలి. వైబ్రేషన్ పరీక్ష, థర్మల్ వాక్యూమ్ పరీక్ష (గాలి లేని గదిలో వేడికీ చలికీ గురిచేసి చూడడం) జరిగే రోజుల్లో తప్పకుండా అక్కడే ఉండాలి. ప్రతి పరీక్షకూ ఏం ఆశించాం, ఏం వచ్చింది, తేడా ఎందుకొచ్చింది అని రెండు పేజీల రిపోర్టు రాసి పెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో “మీ దగ్గర ఏం పాడైంది, కారణం ఎలా కనిపెట్టారు?” అని అడిగినప్పుడు ఆ రిపోర్టులే మాట్లాడతాయి. ఉపగ్రహం కక్ష్యలో పలకకపోయినా వాటి విలువ తగ్గదు. హామ్ రేడియో (ఔత్సాహికులు నడిపే రేడియో) లైసెన్స్ తీసుకుని, చిన్న యాంటెన్నాతో ఇతర ఉపగ్రహాల సిగ్నళ్ళు అందుకోవడం ఇప్పటినుంచే మొదలుపెట్టొచ్చు.

రెండు హెచ్చరికలు. ఈ రంగంలో స్టార్టప్‌లు ఎక్కువ, మూతపడేవీ ఉంటాయి. అయితే ఎంబెడెడ్ నైపుణ్యం, అంటే పరికరాల లోపల ఉండే చిన్న కంప్యూటర్లతో పనిచేయడం, కార్లు, వైద్య పరికరాలు తయారుచేసే చోట కూడా చెల్లుతుంది కాబట్టి ఆ దారి తెరిచే ఉంచుకోవాలి. అలాగే అమెరికా వెళ్ళే ఆలోచన ఉంటే, ఎగుమతి నియంత్రణ నిబంధనల వల్ల అక్కడ చాలా అంతరిక్ష ఉద్యోగాలకు పౌరసత్వమో శాశ్వత నివాసమో అడుగుతారని ముందే తెలుసుకోండి.

చేరే ముందు టీమ్‌ను మీ అమ్మాయి ఒక్కటి అడగాలి: అన్ని భాగాలూ కలిపి బిగించాక పరీక్షలకు ఎన్ని నెలలు ఉంచారు? మూడు నాలుగు నెలలంటే నిశ్చింతగా చేరమనండి. “టైమ్ మిగిలితే చూద్దాం” అంటే, పరీక్షల ప్రణాళిక తనే రాస్తానని చెప్పి చేరమనండి. దానికి కూడా ఒప్పుకోకపోతే ఆ సమయాన్ని మరో మంచి ఎంబెడెడ్ ప్రాజెక్టు మీద పెట్టడం మేలు.