ఫ్లోర్ మార్చమంటే తుప్పు మీదే రేకు కప్పారు, ఇప్పుడు బిల్లు కడితేనే కారు ఇస్తామంటున్నారు

ప్రశ్న: మా నాన్నగారి నాటి కారు, 50 ఏళ్లు దాటింది. ముందు సీట్ల కింద ఫ్లోర్ తుప్పు పట్టి చిల్లులు పడితే, రెండు ఫ్లోర్ ప్యానెల్స్ మార్చమని ఒక షెడ్డులో ఇచ్చాను. రేటు నోటిమాటే, అడ్వాన్స్ ఇచ్చాను. తర్వాత డోర్ల కింద రాకర్ ప్యానెల్స్ కూడా పోయాయని నన్ను అడక్కుండానే అవీ చేసి బిల్లు డబుల్ చేశారు. వెళ్లి చూస్తే డోర్లు సరిగ్గా పడట్లేదు, కింద పాత రేకు మీదే కొత్త రేకు రివెట్లు కొట్టి నల్ల కోటింగ్ పూసినట్టుంది. మొత్తం కట్టేదాకా బండి ఇవ్వరట. ఇవ్వకుండా ఉంచుకోవచ్చా? ఫ్లోర్ మారిస్తే ఆర్సీకి ఇబ్బందా?

జవాబు: మీ బాధంతా బిల్లు గురించే ఉంది కానీ, నాకైతే ఆ నల్ల కోటింగ్ కిందే మీ కేసు ఉందనిపిస్తోంది. రేటు నోటిమాట కాబట్టి మీరు ఒకటంటారు వాళ్లొకటంటారు, అది తేలడం కష్టం. తుప్పు మీద రేకు కప్పడం అలా కాదు, దాన్ని ఎవరూ సమర్థించుకోలేరు. ఫ్లోర్ మార్చడమంటే తుప్పు పోయి గట్టి ఇనుము తగిలేదాకా కోసి, కొత్త ప్యానెల్ వెల్డింగ్ చేసి, జాయింట్లకి సీలర్ పెట్టాలి. రెండు రేకుల మధ్య చెమ్మ చేరితే ముందుకంటే త్వరగా తినేస్తుంది, పైగా సీటు బోల్టులు పట్టుకునేది ఆ ఫ్లోర్‌నే. విడిగా ఛాసిస్ ఫ్రేమ్ లేని బాడీ అయితే ఫ్లోర్, రాకర్ ప్యానెల్సే బండికి వెన్నెముక, వాటిని కోసేముందు డోర్ ఖాళీల్లో సపోర్టు రాడ్లు బిగించకపోతే బాడీ కుంగుతుంది, మీ డోర్లు పడకపోవడానికి అదే కారణం కావచ్చు. ఇవన్నీ రుజువైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపమే.

రుజువు అన్నాను కదా, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బండి చేతికి రాగానే కోపంగా ఇంకో షెడ్డుకి తీసుకెళ్లి అంతా గీకించి కొత్తగా చేయించేస్తారు, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి ఏం మిగలదు. మీరలా చేయకండి. ఫలానా రోజు ఫలానా చోట బండిని పరీక్ష చేయిస్తున్నాను, కావాలంటే వచ్చి చూసుకోండి అని షెడ్డు వాళ్లకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఈ గొడవతో సంబంధంలేని ఆటోమొబైల్ ఇంజనీరుతోనో వాహనాల సర్వేయరుతోనో కార్పెట్ ఎత్తించి, కింద కోటింగ్ కొంచెం గీకించి, ఫోటోలు వీడియోతో సంతకం పెట్టిన రిపోర్టు తీసుకోండి. వాళ్లు రాకపోయినా ఫర్వాలేదు, పిలిచారన్న కాగితం చాలు.

ఇక బండి ఉంచుకునే హక్కు. ఉంది, లేదని చెప్పలేను. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పనిచేసినవాడు కూలీ అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు, వేరే ఒప్పందం లేకపోతే. కానీ ఆ పని బండి ఏ పని కోసం ఇచ్చారో దానికి తగ్గట్టు జరిగి ఉండాలి. మీరు చెప్పని రాకర్ ప్యానెల్స్ బిల్లుకి కూడా ఇదే హక్కు వాడతామంటే గట్టిగా అడ్డుచెప్పొచ్చు. వాళ్లు 70వ సెక్షన్ ఎత్తుకుంటారు, అడక్కపోయినా చేశాం, లాభం మీకే కదా అని. అందుకే అవి మార్చమని ఒక్క మెసేజ్‌లోనైనా "సరే కానివ్వండి" అన్నారా అని మీ వాట్సాప్ ఒకసారి వెనక్కెళ్లి చూసుకోండి, అన్నారంటే నా సలహా మారిపోతుంది.

అనలేదు అనుకుంటే, ఒప్పుకున్న రేటులో మిగిలింది కడతాను, బండి ఇవ్వండి అని రాతలో చెప్పండి. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి, దాంతోపాటే కేసు తేలేలోగా బండి ఇప్పించమని మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, లాయరు ఉండాలని రూలు కూడా లేదు (ఇది నేను చెప్పడం నా పొట్టమీద నేనే కొట్టుకోవడం లెండి). గడువు 2 ఏళ్లు. బండి ఆరుబయట పాడైపోతుందని భయముంటే మొత్తం కట్టేసి తెచ్చుకున్నా కేసు పోదు, కాకపోతే "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కట్టండి. పని తృప్తికరంగా ఉందన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు, బండి తాళాలు చేతిలో పెట్టి అడిగినా సరే.

ఆర్సీ సంగతి తేలికే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఆల్టరేషన్ అంటే బండి మూలస్వరూపం మారేలాంటి మార్పు, పాడైన ఫ్లోర్ స్థానంలో అదే డిజైన్ ఫ్లోర్ వేస్తే అందులోకి రాదు. ఛాసిస్ నెంబరు ఎక్కడుందో మాత్రం చూసుకోండి, కొన్ని కార్లలో అది ఫ్లోర్ మీదే ఉంటుంది. కోతలో అది పోయి ఉంటే మీ అంతట మీరు కొత్త రేకు మీద పంచ్ కొట్టించకండి, దొంగబండి అనుమానం వస్తుంది, ముందు ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ (50 ఏళ్లు దాటిన బండ్లకి ఇచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) ఆలోచన ఉంటే ఇంకో మాట, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చిన బండికి అది రాదు, కాబట్టి జరిగింది రిపేరే అని చూపే పాత కొత్త ఫోటోలు దాచుకోండి.

బండి తెచ్చుకునే రోజు కోసేసిన పాత రేకులు కూడా ఇవ్వమనండి. లేవంటారు, ఎందుకంటే కోస్తే కదా ఉండడానికి. ఆ లేవన్న ముక్క ఫోన్లో కాకుండా మెసేజ్‌లో వచ్చేలా అడగండి.