శత్రువు గురించి రాసే ముందు

యువ మిత్రునికి,

మీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంత బరువైన విషయాన్ని ఎత్తుకున్నందుకు సంతోషించాను. అయితే 'ప్రతి సమాజానికీ శత్రువు అవసరం' అని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశారు. ఆ అవసరం ఎవరిది, ఎప్పుడు పుట్టింది అని అడగకపోతే వ్యాసం అక్కడే ఆగిపోతుంది.

క్రీ.పూ. 146లో రోమ్‌కు చిరకాల శత్రువైన కార్తేజ్ నగరం నేలమట్టమయ్యాక, శత్రుభయం తొలగి రోమ్‌లో దురాశ, అంతఃకలహాలు పెరిగాయని రోమన్ చరిత్రకారుడు సాలస్ట్ రాశాడు. శత్రువు ఉండటమే మేలనడానికి మీరు దాన్ని రుజువుగా చూపారు. నాకు మాత్రం అది, బయటివాడి భయం తప్ప తమను కలిపి ఉంచేది వేరే ఏదీ మిగుల్చుకోని వాళ్ల కథగా తోస్తుంది.

భాష దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలవండి. పరాయివాళ్ల మాట తమ చెవికి 'బర్ బర్' అని వినిపించినందుకు గ్రీకులు వాళ్లను 'బార్బరోస్' అన్నారు; అర్థం కానిది వినేవాడికి, పేరు పడింది మాట్లాడేవాడికి. రువాండాలో 1960లలో సరిహద్దు దాటి వచ్చి దాడిచేసిన టుట్సీ జాతి సాయుధులకు వాడిన 'బొద్దింకలు' అన్న మాట, 1994 నాటి మారణహోమంలో రేడియో నోట పసిపిల్లలతో సహా ఆ జాతి మొత్తానికీ వర్తించింది. ఆ ముప్పై ఏళ్లలో ఆ మాట ఎవరెవరి నోళ్లలో నలిగి అలవాటుగా మారిందన్నదే రచయిత వెతకవలసిన విషయం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. దయచేసి వెనక్కి వెళ్లండి.

సాహిత్యం మరో దారి కూడా చూపింది. గ్రీకులు పర్షియన్లను ఓడించిన సలామిస్ యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్లకు, క్రీ.పూ. 472లో, గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ 'పర్షియన్లు' నాటకాన్ని ఏథెన్స్‌లో ప్రదర్శించాడు. అందులో ఒక్క గ్రీకు పాత్ర కూడా లేదు. వేదిక మీద దుఃఖించేది ఓడినవాళ్లు, చూస్తున్నది వాళ్లను ఓడించినవాళ్లు. గెలుపు గర్వం అందులో లేదని నేననను, కానీ శత్రురాజు తల్లికి అక్కడ మాట దక్కింది.

ఇది చెప్పడానికి కారణం మీ నాలుగో పేరా. అందులో 'ద్వేషించేవాళ్లు' అని మీరు రాసిన జనానికి ముఖం లేదు, భయం లేదు, సొంత గొంతు లేదు. ద్వేషాన్ని ఖండిస్తూనే మీరూ ఒక మందను తయారు చేశారు. వాళ్లలో ఒకరిని, ఆ మనిషి మాటల్లోనే, అడ్డుపడకుండా మాట్లాడనివ్వండి. ఆ పేరా తిరగరాసి పంపండి, తక్కినవి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి