రక్తపరీక్షలో నార్మల్ వచ్చిందని మాత్ర మానొద్దు

కర్నూలు

పాపా,

నువ్వు పంపిన రిపోర్ట్ చూసినాను. ఈస్ట్రడయోల్, అంటే ఒంట్లోని ముఖ్యమైన ఈస్ట్రోజన్ హార్మోన్, నార్మల్ ఉంది కదా, ఇంక మాత్ర ఎందుకు అంటున్నావు. మానొద్దమ్మా. పెద్దాసుపత్రి గైనిక్ వార్డులో నేను నర్సుగా ఉన్నన్నాళ్లూ ఈ కాగితం పట్టుకొని ఇదే మాట అడిగినవాళ్లు చాలామంది.

ఆ అంకె రక్తంలో తిరిగే హార్మోన్‌ది. నీకున్నది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట, అండాశయాల మీదా పొత్తికడుపులోనూ పెరుగుతుంది. అది తనను పెంచే ఈస్ట్రోజన్‌ని అరోమటేజ్ అనే ఎంజైమ్‌తో అక్కడికక్కడే తయారు చేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న గర్భసంచి పొరలో ఆ ఎంజైమ్ దాదాపు ఉండదు. పైగా మామూలు పొరలో ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ రాగానే ఈస్ట్రడయోల్‌ని బలహీనమైన ఈస్ట్రోన్‌గా మార్చే ఎంజైమ్ పెరుగుతుంది. నీ జబ్బులో అదీ సరిగా జరగదు. సొంత బోరున్న చేను ఎంత తడిసిందో కేసీ కెనాల్ నీళ్లు చూసి చెప్పలేం కదా!

నొప్పి ఓర్చుకోవద్దనేది కూడా ఇందుకే. అక్కడ పుట్టే ప్రోస్టాగ్లాండిన్ అనే నొప్పి పుట్టించే రసాయనం అరోమటేజ్‌ని ఎగదోస్తుంది, పెరిగిన ఈస్ట్రోజన్ మళ్లీ ప్రోస్టాగ్లాండిన్‌ని పెంచుతుంది. నొప్పి మొదలవగానే, ముందు ఏదైనా తిని, డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకో.

నువ్వు మానేస్తానంటున్న ఆ హార్మోన్ మాత్ర, డైనోజెస్ట్, రోజూ ఒకే టైముకు వేసుకో. మొదటి నెలల్లో మధ్యమధ్యలో రక్తం కనపడటం మామూలే, దానికి భయపడి ఆపేయొద్దు. మనసు మరీ దిగులుగా ఉంటే మాత్రం డాక్టరుకు వెంటనే చెప్పు. పిల్లలు కావాలనుకున్నప్పుడు కూడా ముందే చెప్పాలి. రిపోర్ట్ కన్నా ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుపో. ఏ రోజు నొప్పి, ఎంతసేపు, విరేచనానికి వెళ్లినప్పుడు ఉందా, ఆఫీసుకు సెలవు పెట్టావా, అన్నీ రాయి. మీ ఆయనతో కలిసినప్పుడు నొప్పి వస్తే అదీ రాయి. సిగ్గుపడి దాచేది ఎక్కువగా ఆ ఒక్క మాటే, డాక్టరుకు బాగా పనికొచ్చేదీ అదే.

వదిన సంగతి నాకు ఇంకా టెన్షన్‌గా ఉంది. ముట్లు ఆగి ఇన్నేళ్లయ్యాక మళ్లీ రక్తం కనపడితే వేడి చేసిందిలే అని వదిలేయకూడదు. అండాశయాలు ఆగినా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజన్‌ని తయారు చేస్తూనే ఉంటుంది, దాంతో గర్భసంచి పొర మందం కావచ్చు. చాలాసార్లు పెద్ద జబ్బేమీ ఉండదు, కానీ క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే. స్కాన్ తీస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

సోమవారం కడప నుంచి వదినని పొద్దున్నే బస్సెక్కించుకొని రా. పాత స్కాన్‌లు, ఆమె షుగర్ మాత్రల చీటీ మర్చిపోకు. ఓపీ దగ్గర నేనుంటాను.

మీ అత్త